మన బోరు నీళ్ల లెక్క మన ఊరి గోడ మీద ఉండాలి!

వేముల, పులివెందుల, వేంపల్లె మండలాల రైతులకు, తల్లులకు, యువతీ యువకులకు విజ్ఞప్తి



కరెంటు రాగానే బోరు మోటారు వేస్తాం. ఆ నీళ్లే అరటికి, ఆ నీళ్లే చీనీ చెట్లకు, ఆ నీళ్లే గొడ్ల తొట్టికి. ఇంట్లో అంట్లకూ స్నానాలకూ అవే. ఎన్నో ఇళ్లలో తాగడానికీ, వంటకీ అవే. ఆ నీళ్లలో యురేనియం ఉందా? ఉంటే లీటరుకు ఎంత ఉంది? పోయిన ఏడాది కంటే పెరిగిందా, తగ్గిందా? మన వీధిలో ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన మనిషి ఉన్నాడా?

మురికి నీళ్లను కన్ను పట్టేస్తుంది. ఉప్పు నీళ్లను నాలుక పట్టేస్తుంది. ఫ్లోరైడ్ ఎక్కువైతే పిల్లల పళ్ల మీద గార కనిపిస్తుంది. యురేనియం కలిసిన నీళ్లు మాత్రం తేటగా, మామూలు రుచితోనే ఉంటాయి. బిందెలో పట్టినా, గ్లాసులో పోసినా తేడా తెలియదు. ప్రయోగశాలలో పరీక్ష చేసి ఒక అంకె వేస్తే తప్ప దాని సంగతి తేలదు. ఆ అంకె మన చేతికి రావాలి. ఈ కరపత్రం అడుగుతున్నది ఆ ఒక్క అంకెనే. తక్కిన మాటలన్నీ దాని కోసమే.

తుమ్మలపల్లె కొండల కింద జరిగేదేమిటి?

యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా గనికి 2007లో శంకుస్థాపన జరిగింది. 2012లో మిల్లు మొదలైంది. మన వేంపల్లె సున్నపురాతి పొరల్లో దొరికే ఖనిజం చాలా పలచనిది. టన్ను రాయి తవ్వితే అందులో యురేనియం అర కిలో కూడా ఉండదు. అందుకే కుప్పలు కుప్పలు తవ్వాలి. మిల్లు సామర్థ్యం రోజుకు 3,000 టన్నుల ఖనిజం. ఆ రాయిని పిండి చేసి, సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ కలిపిన నీళ్లలో వేడిచేసి, ఒత్తిడి పెట్టి, యురేనియాన్ని కరిగించి తీస్తారు. తీసిన సరుకు లారీ ఎక్కి వెళ్లిపోతుంది. మిగిలిన బురదంతా గొట్టాల్లో కె.కె. కొట్టాల దగ్గరున్న టెయిలింగ్ పాండ్‌కు, అంటే వ్యర్థాల చెరువుకు, చేరుతుంది.

వెన్న ఎత్తుకుపోయి, మజ్జిగ మన ఊళ్లో పోశారు. ఆ మజ్జిగలో ఏముందో మనం తెలుసుకోవాలి.

యురేనియం ఒంటరిగా ఉండదు. అది కోట్ల ఏళ్లుగా కొంచెం కొంచెం విరుగుతూ థోరియం, రేడియం, రేడాన్, పొలోనియం వంటి పదార్థాలుగా మారుతూ వస్తుంది. ఇవన్నీ అదే రాతిలో ఉంటాయి. మిల్లు యురేనియాన్ని తీసుకుంటుంది కానీ థోరియాన్నీ రేడియాన్నీ చాలావరకు బురదలోనే వదిలేస్తుంది. అందుకే ఖనిజంలో మొదట ఉన్న రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం ఆ వ్యర్థాల్లోనే మిగిలిపోతుంది. రేడియం-226 సగానికి తగ్గడానికి 1,600 ఏళ్లు పడుతుంది. థోరియం-230 సగానికి తగ్గడానికి సుమారు 75,000 ఏళ్లు. గని ఏదో ఒకనాడు మూతపడుతుంది. ఉద్యోగాలు ఆ రోజుతో ఆగిపోతాయి. పాండ్ మాత్రం మన మనవళ్లకూ, వాళ్ల మునిమనవళ్లకూ ఇక్కడే ఉంటుంది. దాన్ని కనిపెట్టుకుని ఉండవలసింది ఈ ఊళ్ల జనమే.

పాండ్ అడుగున ఏం పరిచారు?

పాండ్ అడుగున బెంటొనైట్ బంకమట్టి, దానిమీద పాలిథీన్ పొర పరవాలన్నది అనుమతిలో ఉన్న షరతు. నీళ్లు భూమిలోకి దిగకుండా ఉండటానికే ఆ షరతు. ఆ షరతు సరిగా పాటించారా అన్న ప్రశ్న ఏళ్లుగా నలుగుతోంది. విశ్రాంత శాస్త్రవేత్త కె. బాబూరావు లాంటివాళ్లు అధికారులకు లేఖలు రాశారు. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి గని సంస్థకు నోటీసు కూడా ఇచ్చింది.

కె.కె. కొట్టాల, కనంపల్లె, మబ్బుచింతలపల్లె చుట్టుపక్కల రైతులు చెప్పేది మనందరం విన్నదే. బోరు నీళ్లు పారించిన చోట నేల తెల్లబారుతోందంటున్నారు. అరటి ఎదగడం లేదంటున్నారు. ఒంటి మీద దురదలంటున్నారు. సంస్థ చెప్పేది వేరు. ఈ రాళ్లలోనే యురేనియం ఉంది కాబట్టి నీళ్లలో ఉంటే అది సహజంగా వచ్చిందేనని, పాండ్ నుంచి ఊట లేదని అంటోంది.

రెండు మాటల్లో ఏది నిజమో రచ్చబండ మీద అరుచుకుంటే తేలదు. తేల్చే దారి మాత్రం ఉంది. గని రాకముందు నీళ్లలో ఎంత ఉండేదో ఆ పాత కొలతలు బయటపెట్టాలి. పాండ్‌కు దగ్గరి బోరు, ఒక కిలోమీటరు అవతలి బోరు, ఐదు కిలోమీటర్ల అవతలి బోరు పక్కపక్కన పెట్టి చూడాలి. యురేనియంతో పాటు సోడియం, సల్ఫేట్ కూడా కొలవాలి. మిల్లు వాడే రసాయనాలు సోడియం లవణాలు. పాండ్ వైపు పోయేకొద్దీ ఈ మూడూ కలిసికట్టుగా పెరుగుతుంటే అది ఊటకు బలమైన సూచన. పెరగకపోతే అదీ తెలిసిపోతుంది. ఇదేమీ చేయలేనంత పని కాదు. చేసిన కొలతలు బయటపెట్టాలన్న మనసు కావాలి.

ఇంకొక మాట గుర్తుపెట్టుకోండి. నీళ్లలో ఉన్నది కొండ ఇచ్చిన యురేనియమా, పాండ్ ఇచ్చిన యురేనియమా అన్న తగాదా కోర్టులో పనికొస్తుంది. తాగే బిడ్డ కిడ్నీకి ఆ తేడా లేదు. తప్పు ఎవరిదో తేలేదాకా మంచి నీళ్లు ఆపడానికి వీల్లేదు. ముందు నీళ్లు, తర్వాత తగాదా.

ఎంత దాటితే ప్రమాదం?

ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగే నీటికి పెట్టిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. మన దేశ తాగునీటి ప్రమాణం కూడా ఇప్పుడు అంతే. అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు 60. ప్రయోగశాల రిపోర్టులో పీపీబీ అని రాసి ఉంటే భయపడవద్దు, అది కూడా ఇదే కొలత. 30 పీపీబీ అంటే లీటరుకు 30 మైక్రోగ్రాములు. రిపోర్టు ఎవరు చూపించినా మొదట అడగవలసింది ఇది: "ఏ హద్దుతో పోల్చి బాగున్నాయని చెబుతున్నారు? 30తోనా, 60తోనా?"

ఒంట్లోకి ఎలా చేరుతుంది?

నీళ్లు: నీటిలోని యురేనియం మొదట దెబ్బతీసేది కిడ్నీలను. ఇది రేడియేషన్ వల్లకంటే రసాయన విషంగా చేసే హాని. రేడియంను మన ఒళ్లు కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. ఎదిగే పిల్లల ఎముకలు కాల్షియం కోసం ఆత్రంగా ఉంటాయి. అందుకే పసిబిడ్డలు, గర్భిణులు, బాలింతలు తాగే నీళ్లు ముందు పరీక్ష చేయించాలి.

తిండి: బోరు నీళ్లు పారిన మడిలోని ఆకుకూరలకు, దుంపలకు మట్టి అంటుకుంటుంది. ఆ నీళ్లతో పెరిగిన మేత తిన్న గేదె పాలలోకి కొంత రావచ్చు. ఎంత వస్తుందో పంటనూ పాలనూ కొలిస్తేనే తెలుస్తుంది.

గాలి: పాండ్ ఎండిన చోట సన్నటి పొడి లేస్తుంది. మన ఎండాకాలపు గాలి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. రేడియం నుంచి రేడాన్ అనే వాయువు పుడుతుంది. దానికీ రంగూ వాసనా లేవు. గనుల్లో, గాలి ఆడని గదుల్లో పేరుకుంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం తర్వాత ప్రపంచంలో ముఖ్యమైన కారణాల్లో రేడాన్ ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గనిలోకి దిగే మన పిల్లలకు ఎంత తగులుతోందో, వాళ్ల చొక్కాకు పెట్టే రేడియేషన్ బ్యాడ్జీ కొలత ఎంతో వాళ్ల ఇంటివాళ్లకు తెలియాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. మన వీధిలో ఫలానా మనిషికి వచ్చిన జబ్బు ఈ నీళ్ల వల్లే వచ్చిందని ఈ కాగితం చెప్పడం లేదు. అలా చెప్పే హక్కు పరీక్షలకు, వైద్యులకు ఉంది. ప్రకృతిలో అన్నిచోట్లా కొంత రేడియోధార్మికత ఉంటుంది. అరటిపండులోని పొటాషియంలోనూ, మన ఒంట్లోనూ ఉంటుంది. దానికి భయపడాల్సిన పని లేదు. భయం పెంచడానికి ఇది రాయలేదు. లెక్క తెలియక, తెలిసినవాళ్లు చెప్పక, బతుకు గుడ్డిగా నడవడం ఆగాలని రాశాం.

చెప్పని చోట ఏం జరిగింది, చెప్పిన చోట ఏం జరిగింది

1986లో చెర్నోబిల్ అణు రియాక్టరు పేలింది. గాలిలో కలిసిన రేడియో అయోడిన్ గడ్డి మీద పడింది, ఆవు తిన్నది, పాలలోకి వచ్చింది. ఆ అయోడిన్ సగానికి తగ్గడానికి ఎనిమిది రోజులు చాలు. కొన్ని వారాలు ఆ పాలు పిల్లలకు ఇవ్వొద్దని ఊరూరా వెంటనే చెప్పి ఉంటే ఎంతో మంది తప్పించుకునేవాళ్లు. చాలా ఊళ్లలో సమయానికి చెప్పలేదు. పిల్లలు పాలు తాగారు. తర్వాతి ఏళ్లలో ఉక్రెయిన్, బెలారుస్, రష్యాల్లో వేలాది మందికి గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథికి క్యాన్సర్ వచ్చింది.

1979 జులై 16న అమెరికాలోని చర్చ్ రాక్ దగ్గర యురేనియం వ్యర్థాల కట్ట తెగింది. సుమారు 35 కోట్ల లీటర్ల వ్యర్థ జలం ప్యూర్కో నదిలో కలిసింది. ఒడ్డున ఉన్నది నవాహో ఆదివాసులు. ఆ నీళ్లతోనే గొర్రెలు మేపుకునేవాళ్లు. ప్రమాదం సంగతి వాళ్లకు వెంటనే తెలియలేదు.

మన దేశంలోనే జార్ఖండ్‌లోని జాదుగూడలో 1967 నుంచి ఇదే సంస్థ యురేనియం తవ్వుతోంది. అక్కడ 2006 డిసెంబర్ 25న వ్యర్థాలు మోసే గొట్టం పగిలి బురద వాగులో పడింది. ఆ విషయాన్ని ముందుగా గమనించింది ఊరి జనమేనని అప్పట్లో వార్తలొచ్చాయి.

ఇప్పుడు జపాన్ సంగతి వినండి. 2011లో ఫుకుషిమా అణు కేంద్రం ప్రమాదం తర్వాత ఆ ప్రాంతపు బియ్యం కొనేవాడు లేకుండా పోయాడు. రైతులు తలపట్టుకున్నారు. 2012 పంట నుంచి ఆ జిల్లాలో పండిన బియ్యాన్ని ప్రతి బస్తానూ యంత్రం మీద పెట్టి కొలిచారు. ఏడాదికి సుమారు కోటి బస్తాలు. రేడియోధార్మికత కిలోకు 100 బెక్వెరెల్‌లు దాటితే బజారుకు పంపలేదు. 2015 పంట నుంచి హద్దు దాటిన బస్తా ఒక్కటి కూడా తేలలేదు. ఆ లెక్కల్ని ఎవరైనా చూసుకునేలా బయట పెట్టారు. అక్కడి రైతును మళ్లీ నిలబెట్టింది ఆ లెక్కే.

మన అరటి రైతుకు ఇది అందరికంటే ముందు తెలియాలి. పులివెందుల అరటికి దేశమంతా పేరుంది. ఏదో ఒక రోజు ఎవడో ఒక వీడియో పెట్టి "కడప అరటిలో యురేనియం" అంటే వ్యాపారి గెల దించుకోడు. అప్పుడు "మా తోటలో లేదు" అని మనం ఎంత మొత్తుకున్నా వినేవాడుండడు. చేతిలో పరీక్ష కాగితం ఉంటేనే నోరు పెగులుతుంది. పంటను పరీక్షించమంటే పంటను అవమానించినట్టు అనుకోవద్దు. పుకారు నుంచి పంటను కాపాడేది పరీక్షే. ఊరికి చెడ్డపేరు వచ్చి ఆడపిల్లలకు సంబంధాలు తప్పిపోకుండా కాపాడేదీ పరీక్షే.

"దేశానికి కరెంటు వద్దా? పిల్లలకు ఉద్యోగాలు వద్దా?"

ఈ ప్రశ్న అడిగేవాళ్లు మన మధ్యే ఉన్నారు. వాళ్ల ఇళ్లలో ఆ జీతంతోనే పొయ్యి వెలుగుతోంది. వాళ్లను శత్రువులుగా చూడవద్దు. గనిలో పనిచేసే తమ్ముడికీ, పాండ్ పక్కన సేద్యం చేసే అన్నకూ ఈ విషయంలో ఒకే అక్కర ఉంది. గని లోపల గాలి లెక్క అతనికి కావాలి, బయట నీళ్ల లెక్క ఇతనికి కావాలి. ఇద్దరి ఇళ్ల పిల్లలూ ఒకే బడిలో ఒకే కుళాయి నీళ్లు తాగుతున్నారు.

దేశానికి ఇంధనం అవసరమైతే ఆ ఇంధనం తీసే చోట నీళ్లు శుభ్రంగా ఉంచే ఖర్చు కూడా దేశానిదే. భూమి ఇచ్చింది మనం. దుమ్ము పీలుస్తున్నది మనం. కొలతలు జరుగుతూనే ఉన్నాయని సంస్థా అంటుంది, అణుశక్తి శాఖా అంటుంది. మంచిది. జరిగిన కొలతలు ఫైళ్లలో ఉండి ఎవరికి లాభం? నీళ్లు తాగేవాడికి చూపించని లెక్క లెక్కలోకి రాదు.

మన కోరికలు

1. తుమ్మలపల్లె, మబ్బుచింతలపల్లె, కనంపల్లె, భూమయ్యగారిపల్లె, రాచకుంటపల్లె, కె.కె. కొట్టాల, చుట్టూ ఉన్న అన్ని పల్లెల్లో తాగునీటి బోర్లన్నింటినీ, సేద్యపు బోర్లనూ ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి. ఒకటి ఎండాకాలంలో, ఒకటి వానలు పడ్డాక.

2. ఆ పరీక్ష గని సంస్థకు సంబంధం లేని గుర్తింపు పొందిన ప్రయోగశాలలో జరగాలి. నమూనా తీసేటప్పుడు ఊరివాళ్లు పక్కన ఉండాలి. ఒకే బోరు నీళ్లు రెండు సీసాల్లో పట్టి ఒకటి ఊరి దగ్గర ఉంచాలి.

3. ఫలితాలు తెలుగులో, గ్రామ సచివాలయం గోడ మీద, బోరు వారీగా రాయాలి: యురేనియం ఎంత, రేడియం ఎంత, సోడియం, సల్ఫేట్ ఎంత, హద్దు ఎంత, ఏ తేదీన తీశారు.

4. 2012కు ముందు తీసిన పాత కొలతలూ, అప్పటి నుంచి ఇప్పటిదాకా తీసినవన్నీ బయటపెట్టాలి.

5. హద్దు దాటిన ప్రతి చోటా ఆ వారంలోనే వేరే చోటి నుంచి మంచి నీళ్లు పైపుల ద్వారా ఇవ్వాలి. ట్యాంకరు ఎప్పుడొస్తుందో అని బిందెలతో కూర్చునే బతుకు వద్దు. గనులున్న జిల్లాల్లో ఖనిజ నిధి ఖర్చులో తాగునీరు ముందు వరసలో ఉంది. ఆ డబ్బు ఇక్కడ పెట్టాలి.

6. పాండ్ అడుగు పొర సంగతి నిపుణులతో తనిఖీ చేయించి, ఆ నివేదిక జనం ముందు చదవాలి. లోపం ఉంటే సరిచేసేదాకా కొత్త వ్యర్థాలు ఎక్కడ పోయాలో ప్రభుత్వం చెప్పాలి.

7. చుట్టుపక్కల పల్లెల జనానికి, గని కార్మికులకు ఏటా కిడ్నీ పరీక్షలు ఉచితంగా చేసి, ఎవరి రిపోర్టు వాళ్ల చేతికి ఇవ్వాలి.

8. పంట, పాలు, మేత నమూనాలు కొలవాలి. పంట దెబ్బతిన్న రైతుకు కారణం తేల్చి పరిహారం ఇవ్వాలి.

ఈ నెలలోనే మనం చేయగలిగినవి

*బోరు పుస్తకం.* ప్రతి పల్లెలో చదువుకున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు కూర్చుని ఒక నోటు పుస్తకం తెరవండి. రైతు పేరు, సర్వే నంబరు, బోరు ఎన్ని అడుగులు, ఎప్పుడు వేశారు, పాండ్‌కు ఎంత దూరం, ఎటు దిక్కు, తాగుతున్నారా, పంటలో ఏం మార్పు, ఎప్పటినుంచి అన్నీ రాయండి. నేల తెల్లబారిన చోట తేదీ పడేలా ఫొటో తీయండి. రేపు ఏ అధికారి వచ్చినా, ఏ కోర్టుకు పోయినా ఈ పుస్తకమే మన బలం.

*సమాచార హక్కు దరఖాస్తు.* తెల్ల కాగితం చాలు. రుసుము 10 రూపాయలు మించదు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు చేయవచ్చు. కాలుష్య నియంత్రణ మండలికి, భూగర్భ జలశాఖకు, గ్రామీణ నీటి సరఫరా శాఖకు, యురేనియం కార్పొరేషన్‌కు వేరువేరుగా పంపండి. ఇలా అడగండి:

"మా గ్రామంలో ఏయే బోర్ల నీళ్లను ఏయే తేదీల్లో యురేనియం, రేడియం కోసం పరీక్షించారు? ప్రతి బోరు ఫలితం నకలు ఇవ్వండి. 2012కు ముందు చేసిన పరీక్షల ఫలితాలు ఇవ్వండి. టెయిలింగ్ పాండ్ అడుగు పొర గురించి జరిగిన తనిఖీల నివేదికలు, ఇచ్చిన నోటీసులు, వాటికి వచ్చిన జవాబుల నకళ్లు ఇవ్వండి. పర్యావరణ అనుమతి షరతుల అమలుపై సంస్థ ఆరు నెలలకోసారి ఇచ్చే నివేదికల నకళ్లు ఇవ్వండి."

ఒక్కరు అడిగితే ఒక కాగితం. పల్లెకు ఇరవై మంది అడిగితే అది పల్లె మాట. దరఖాస్తు రాయడం రాకపోతే బడి పంతులుగారినో, డిగ్రీ చదివే పిల్లనో అడగండి.

*గ్రామసభ తీర్మానం.* సర్పంచిని అడిగి నీళ్ల మీదే గ్రామసభ పెట్టించండి. పైన రాసిన కోరికలు చదివి తీర్మానం చేసి, సంతకాలు, వేలిముద్రలు వేసి కలెక్టరుకు పంపండి. ఆడవాళ్లు ముందు వరసలో కూర్చోవాలి. నీళ్లు మోసేదీ, వండేదీ, పిల్లలకు తాగించేదీ వాళ్లే. దారి అప్పటికీ దొరక్కపోతే చెన్నైలో ఉన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనం తలుపు తట్టవచ్చు. దానికి కూడా మన బోరు పుస్తకం, సమాచార హక్కు జవాబులు కావాలి.

*ఇంట్లో జాగ్రత్తలు.* నీళ్లు కాచి తాగితే యురేనియం పోదు. కాచేకొద్దీ నీళ్లు ఇగిరి అది చిక్కబడుతుంది. గుడ్డలో వడకట్టినా, బ్లీచింగ్ వేసినా పోదు. బాగా పనిచేసే ఆర్‌ఓ ఫిల్టరు చాలావరకు తీసేస్తుంది. అయితే ఆ ఫిల్టరు బయటికి వదిలే నీళ్లలో అది ఎక్కువగా ఉంటుంది. ఆ నీళ్లు గొడ్లకు పెట్టవద్దు, కూరగాయల మడికి పారించవద్దు. మెంబ్రేన్ (వడపోత పొర) సమయానికి మార్చని వాటర్ ప్లాంటును నమ్మవద్దు. ప్లాంటు నీళ్లకు కూడా యురేనియం పరీక్ష కాగితం అడగండి. పరీక్ష అయ్యేదాకా పసిబిడ్డలకు, గర్భిణులకు ఊరి బోరు నీళ్లు కాకుండా సరఫరా నీళ్లు వాడండి. ఆకుకూరలు, దుంపలు మట్టి పోయేలా కడగండి. పాండ్ వైపు గొడ్లను, గొర్రెలను తోలవద్దు. ఆ దగ్గరి నీళ్లలో చేపలు పట్టవద్దు, పిల్లలను ఆడనివ్వవద్దు. గని దగ్గర రాళ్లు, కంకర ఇంటి కట్టుబడికి తేవద్దు. కిటికీలు తెరిచి ఇంట్లో గాలి ఆడనివ్వండి. గనిలో పనిచేసి వచ్చినవారి బట్టలు విడిగా ఉతకండి.

జనం కదిలితే జరుగుతుంది

నల్లమలలో యురేనియం కోసం తవ్వబోతే చెంచులూ, అడవి పల్లెల జనమూ, చదువుకున్నవాళ్లూ ఒక్కటయ్యారు. 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ ఏకకంఠంతో వద్దని తీర్మానం చేసింది. నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు దగ్గర నాగార్జునసాగర్ నీళ్లకు ముప్పని జనం ఏళ్లపాటు అడ్డు నిలిచారు. 2024 నవంబర్‌లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్లలో యురేనియం అన్వేషణకు బోర్లు వేస్తారని తెలియగానే ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కాయి. ఆ ప్రతిపాదన నిలిపేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది.

వాళ్లు తవ్వకముందే మేలుకున్నారు. మన దగ్గర తవ్వకం మొదలై ఏళ్లయింది. అందుకే మన పోరాటం ఇంకో రకం. ఇక్కడ గని ఉన్నా, రేపు మూసినా, విస్తరించినా, పాండ్ ఉంటుంది. దాని పక్కన బతికేవాళ్లకు తమ నీళ్లలో, తమ గాలిలో, తమ తిండిలో ఏముందో తెలుసుకునే హక్కు ఉంది. ఆ హక్కును ఎవరి దయగానో అడగడం లేదు. అణు సంగతి రహస్యమని చెప్పి తప్పించుకోవడానికి వీల్లేదు. బాంబు ఎలా చేస్తారో మనకు అక్కర్లేదు. మా ఇంటి బిందెలో ఏముందో చెప్పమంటున్నాం.

ఈ కాగితం చదివి మడిచి జేబులో పెట్టుకోవద్దు. చదవడం రానివారికి చదివి వినిపించండి. పక్క ఊరివారికి ఇవ్వండి. ఈ వారంలోనే మీ వీధిలో పది మందిని కూర్చోబెట్టి బోరు పుస్తకం తెరవండి. ఈ నెల దాటకముందే మీ పల్లె నుంచి సమాచార హక్కు దరఖాస్తులు పోవాలి. వచ్చే గ్రామసభలో నీళ్ల తీర్మానం పడాలి. గుర్తింపు పొందిన ప్రయోగశాల లెక్క మన సచివాలయం గోడ మీద తెలుగులో కనిపించేదాకా అడగడం ఆపవద్దు.

ప్రతి బోరుకూ పరీక్ష!
ప్రతి పరీక్షకూ తెలుగులో లెక్క!
హద్దు దాటితే ఆ వారమే మంచి నీళ్లు!
మా నీళ్లు, మా గాలి, మా తిండి: లెక్క మాకు చెప్పాలి!

ఇట్లు,
తమ ఊరి నీళ్ల లెక్క కోరే రైతులు, మహిళలు, యువజనులు, గని కార్మికులు